కిర్గిజ్ కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌లో బస: గది కుదుర్చుకోవడం నుంచి లెక్క తీర్చేదాకా

కిర్గిజ్‌స్తాన్‌లో తక్కువ ఖర్చుతో ఉండాలంటే ఒక కుటుంబం సొంత ఇంట్లోనే రెండు మూడు గదులు అద్దెకిచ్చే గెస్ట్‌హౌస్‌ను మించింది లేదు. గది చవక, భోజనం వేడిగా ఉంటుంది. మర్నాటి గుర్రం, జీపు, బస్సు సంగతి కూడా ఆ ఇంటివాళ్లే చూసిపెడతారు. బిష్కెక్, ఓష్, జలాలాబాద్‌లలో ఎంబీబీఎస్ చదివే తెలుగు పిల్లలు సెలవుల్లో ఇలాంటి ఇళ్లలోనే దిగుతుంటారు. వాళ్లను చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులకు కూడా ఇదే అనువు.

ఈ ఇళ్లలో చిక్కులు చాలావరకు ఒక్క కారణంతోనే వస్తాయి: చెప్పాల్సింది ముందుగా చెప్పకపోవడం. అక్కడ మెనూ కార్డు ఉండదు, రిసెప్షన్ ఉండదు. ఇంటావిడ ఒక్కతే మధ్యాహ్నానికల్లా రాత్రికి ఏం వండాలో తేల్చుకుని మాంసం పొయ్యి మీద పెట్టేస్తుంది. మేం గొడ్డుమాంసం తినం అని మీరు భోజనానికి కూర్చున్నాక చెబితే పాపం ఆవిడ చేయగలిగింది ఏమీ ఉండదు, మీరు రొట్టె, టీతో సరిపెట్టుకోవాలి. అందుకే ఇక్కడ చెప్పిన పనుల్లో సగం మీరు ఆ గుమ్మం తొక్కకముందే చేయాల్సినవి.

1. ఊరు, నెల

మొదటిసారి వెళ్లేవాళ్లకు కొచ్‌కోర్ మంచి ఊరు. బిష్కెక్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు, మూడున్నర నాలుగు గంటల ప్రయాణం. ఎత్తు 1,800 మీటర్ల దరిదాపు. అతిథుల్ని పెట్టుకోవడం తెలిసిన ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. ఇసిక్-కుల్ సరస్సు తూర్పు కొసన కారాకోల్ ఉంది, బిష్కెక్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. అక్కడి నుంచి కొండ దారుల నడకలు మొదలవుతాయి. సరస్సు దక్షిణ తీరంలో బొకొన్‌బాయెవో కాస్త ప్రశాంతంగా ఉంటుంది. లెనిన్ శిఖరం (7,134 మీటర్లు) చూడాలనుకునేవాళ్లు ఓష్ మీదుగా సారీ-మొగోల్ వెళ్తారు. అది దాదాపు 3,000 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మొదటి రాత్రే అక్కడ పడుకోకండి.

సోంగ్-కుల్ సరస్సు దగ్గర యుర్తాల్లో, అంటే గుండ్రటి ఉన్ని గుడారాల్లో ఉండాలంటే జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వరకే వీలు. ఆ తర్వాత కాపరులు మందల్ని తోలుకుని కిందికి దిగిపోతారు. సోంగ్-కుల్ ఎత్తు 3,016 మీటర్లు, దారిలో దాటే కనుమలు ఇంకా ఎత్తు. బిష్కెక్ ఉండేది 800 మీటర్ల దగ్గర. పొద్దున బయల్దేరి సాయంత్రానికి సోంగ్-కుల్ చేరితే ఆ రాత్రి తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం మామూలే. కొచ్‌కోర్‌లో ఒక రాత్రి ఆగి వెళ్తే చాలావరకు తప్పుతుంది.

నవంబరు నుంచి మార్చి దాకా పల్లెల్లో చాలా ఇళ్లు అతిథుల్ని తీసుకోవు. తీసుకున్నా ఒకటి రెండు గదులకే వెచ్చదనం ఉంటుంది. ఆ నెలల్లో వెళ్లేటట్టయితే కారాకోల్ వంటి పట్నానికే వెళ్లండి, గదిలో పొయ్యి గానీ రేడియేటర్ గానీ ఉందేమో అడిగి మరీ వెళ్లండి.

2. ఇల్లు ఎంచుకోవడం

దారులు రెండు. ఒకటి బుకింగ్ యాప్‌లు. రెండోది సీబీటీ, అంటే ఊరి కుటుంబాలు కలిసి నడుపుకునే పర్యాటక సంఘం. స్విట్జర్లాండ్‌కు చెందిన హెల్వెటాస్ సంస్థ తోడ్పాటుతో 2000లో కొచ్‌కోర్‌లో మొదలైంది. ఇప్పుడు చాలా ఊళ్లలో దీని ఆఫీసులున్నాయి. ముందుగా బుక్ చేసుకోకుండా ఊళ్లో దిగినా ఆ ఆఫీసుకు వెళ్తే ఖాళీ ఉన్న ఇంటికి ఫోన్ చేసి పంపుతారు. వాళ్ల ఇళ్లకు ఎడెల్‌వైస్ పువ్వు గుర్తులుంటాయి, ఒకటి నుంచి మూడు వరకు. ఒక పువ్వు ఇల్లంటే శుభ్రంగా, సాదాగా ఉంటుంది, మరుగుదొడ్డి పెరట్లో ఉండొచ్చు. మూడు పువ్వులున్నచోట ఇంట్లోనే స్నానాల గది ఉంటుందని ఆశించవచ్చు. పువ్వులు సౌకర్యాల లెక్క మాత్రమే, వంటకూ ఆదరణకూ కొలత కావు. ఒక పువ్వు ఇంట్లో తిన్న భోజనమే ప్రయాణం మొత్తంలో గుర్తుండిపోవచ్చు.

యాప్‌లో చూసేటప్పుడు మార్కుల కన్నా ఫొటోలు నమ్మండి. మరుగుదొడ్డి ఫొటో లేదంటే అది బయట ఉందనే అనుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ ఒక్కటీ తప్పకుండా తేల్చుకోవాలి. పల్లెల్లో బయటిది చాలావరకు గుంట మీద చెక్కలు పరిచి, మధ్యలో సందు వదిలిన దొడ్డే. మన పాత దొడ్ల లాగా కూర్చోవాల్సిందే, పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు ఇంట్లో ఆడవాళ్లుంటారా, గదికి లోపలి గడియ ఉందా అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

3. ఏం రాసి పంపాలి

వాట్సాప్ అక్కడ బాగా వాడతారు. ఫోన్ చేసి ఇంగ్లిష్‌లో మాట్లాడటం కన్నా రష్యన్‌లోకి అనువదించిన చిన్న మెసేజి పంపితే పని త్వరగా అవుతుంది. ఒక్కో వాక్యం పొట్టిగా రాయండి, పొడుగు వాక్యాల్ని అనువాద యాప్‌లు తలకిందులు చేస్తాయి. మెసేజిలో ఇవి ఉండాలి:

— ఏ తేదీ, ఎన్ని రాత్రులు, ఎంతమంది, అందులో పిల్లలెందరు, వాళ్ల వయసెంత.
— ఎన్ని గంటలకు చేరతారు, మార్ష్రుత్కా అనే మినీ వ్యానులోనా, ట్యాక్సీలోనా.
— రేటు మనిషికా, గదికా. పొద్దుటి టిఫిన్ అందులో కలిసి ఉందా. రాత్రి భోజనం మనిషికి ఎంత.
— మరుగుదొడ్డి లోపలా, బయటా. వేడినీళ్ల షవర్ ఉందా, బాన్యా అనే ఆవిరి స్నానాల గదా.
— ఏం తింటారు, ఏం తినరు.

మనిషికా, గదికా అనేది మరిచిపోకండి. పల్లె ఇళ్లలో లెక్క ఎక్కువగా తలకింతనే. యాప్‌లలో గదికి. ఇద్దరు వెళ్లి ఒకరి రేటే మొత్తం అనుకుంటే చివర్లో మాటామాటా వస్తుంది.

4. తిండి సంగతి

దీనికి ఎక్కువ శ్రద్ధ పెట్టండి. కిర్గిజ్ వంటకు మాంసమే మూలం: గొర్రె, గొడ్డు, గుర్రం. పంది మాంసం ఈ ఇళ్లలో ఉండదు. బెష్‌బర్మాక్ అంటే సన్నగా తరిగిన మాంసం, సేమ్యాలాంటి పిండి తీగలు, పులుసు. కూర్దాక్ మాంసం, ఉల్లిపాయల వేపుడు. మాంతీ ఆవిరి మీద ఉడికించిన మాంసం కుడుములు. లగ్మాన్ చేత్తో సాగదీసిన నూడుల్స్, మాంసం, కూరగాయలు. ప్లోవ్ మన పులావు జాతి. వీటిలో ఏ మాంసం వేశారో చూసి చెప్పలేం, అడగాల్సిందే.

రష్యన్‌లో గొడ్డుమాంసం "గవ్యాదినా", గుర్రం "కోనినా", గొర్రె "బరానినా", కోడి "కూరిత్సా". కిర్గిజ్‌లో గొడ్డుమాంసం "ఉయ్ ఎతి", గుర్రం "జిల్కీ ఎతి", గొర్రె "కోయ్ ఎతి", కోడి "తోక్ ఎతి".

శాకాహారులు "మెన్ ఎత్ జెబెయ్‌మ్" అంటే చాలదు. నేను మాంసం తినను అని దాని భావం. అప్పుడు ముక్కలు తీసేసి పులుసు పోసిస్తారు. వాళ్ల లెక్కలో అది మాంసం లేని వంటే. అందుకని రష్యన్‌లో "బుల్యోన్ తోజె నెల్జ్యా" అని కూడా కలపండి, అంటే మాంసం ఉడికిన నీళ్లు కూడా వద్దని. గుడ్డు తినేవాళ్లు "యైత్సా మోజ్న" అనండి. కోడి ఒక్కటే తినేవాళ్లు "తోల్క కూరిత్సా" అని రాయండి. పల్లెలో కోడి కొనుక్కురావాలి కాబట్టి ఒకరోజు ముందే చెప్పాలి, కాస్త ఎక్కువ అడిగినా న్యాయమే.

తినలేనిది చెప్పి ఊరుకోకండి, తినగలిగేది కూడా చెప్పండి. మాంసం వద్దన్నవాడికి ఏం పెట్టాలో ఆవిడకు నిజంగానే తోచదు. ఇవి అడగొచ్చు: నూనెలో వేయించిన బంగాళాదుంపలు, గుడ్లట్టు, క్యాబేజీ-క్యారెట్-దుంపల కూర, టమాటా-దోసకాయ సలాడ్, మాంసం వేయని లగ్మాన్, పాలు పోసి ఉడికించిన అన్నం. ఐరాన్ పేరుతో దొరికే పెరుగు చిక్కగా, కమ్మగా ఉంటుంది. తెల్లన్నం వాళ్లకు అలవాటు లేదు. బియ్యాన్ని "కురుచ్" అంటారు, ఉప్పు, నూనె లేకుండా ఉట్టి నీళ్లలో ఉడికించమని చెప్పాలి. అది దొరికితే ఐరాన్ కలుపుకుని, వెంట తెచ్చుకున్న ఊరగాయ వేసుకుంటే పిల్లల పేచీ తీరిపోతుంది. కారం చాలదనిపిస్తే "లాజా" అడగండి, ఎండుమిర్చి, వెల్లుల్లి, నూనెతో చేసే ఘాటు పచ్చడి. లగ్మాన్ వండే ఇళ్లలో చాలాచోట్ల ఉంటుంది.

మన వంట మనమే చేసుకుంటామంటే చాలామంది సరేనంటారు, కానీ వాళ్ల వంట అయ్యాకే అడగండి. కందిపప్పు మోసుకెళ్లాలనుకుంటే ఒక సంగతి తెలియాలి: 3,000 మీటర్ల ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కర్ లేకుండా పప్పు గంటలకొద్దీ పెట్టినా మెత్తబడదు. సోంగ్-కుల్‌కు పప్పు వద్దు. మరిగే నీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, అటుకులు, పొడులు తీసుకెళ్లండి. ఊరగాయ నూనె కారకుండా రెండు సంచుల్లో కట్టండి.

కుర్మాన్ ఐత్, అంటే బక్రీద్ రోజుల్లో ఇంటి వాకిట్లోనే గొర్రెను కోస్తారు. చూడలేనివాళ్లు ఆ తేదీలు తప్పించుకోండి. ఒరొజో, అంటే రంజాన్ నెలలో ఇంటివాళ్లు ఉపవాసముండొచ్చు. అతిథికి భోజనం మాత్రం పెడతారు, వేళలు ముందే మాట్లాడుకోండి.

5. డబ్బు

అక్కడి కరెన్సీ సోమ్. ఇటీవలి సంవత్సరాల్లో డాలరుకు సుమారు 85-90 సోమ్‌లు, అంటే దాదాపు ఒక రూపాయికి ఒక సోమ్. మనకు లెక్క తేలిక. పల్లె గెస్ట్‌హౌస్‌లో పడక, పొద్దుటి టిఫిన్‌కు సాధారణంగా మనిషికి 1,000 నుంచి 2,000 సోమ్‌ల మధ్య అడుగుతారు. రాత్రి భోజనం, బాన్యా, దారికి కట్టిచ్చే భోజనం, బట్టలుతకడం విడిగా.

రూపాయలు అక్కడ మార్చుకోవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు, డాలర్లు తీసుకెళ్లండి. నోట్లు కొత్తవై, మడత, సిరా గుర్తు లేకుండా ఉండాలి. నలిగిన నోటును "ఆబ్మెన్", అంటే డబ్బు మార్చే కొట్టువాడు వెనక్కి నెట్టేస్తాడు, లేదా తక్కువకు తీసుకుంటాడు. బిష్కెక్‌లోనే మార్చుకుని, చిల్లర కోసం 200, 500 సోమ్‌ల నోట్లు అడిగి తీసుకోండి. పల్లె ఇంట్లో 5,000 నోటుకు చిల్లర దొరకదు. ఏటీఎంలు పట్నాల్లోనే ఉంటాయి, సోంగ్-కుల్ దగ్గర ఏమీ ఉండదు. కార్డు మీద నమ్మకంతో పల్లెకు వెళ్లొద్దు.

6. సంచిలో ఏం ఉండాలి

అక్కడి ప్లగ్గులు 220 వోల్టులవి, రెండు గుండ్రటి పుల్లలవి. మన ఫోను చార్జర్ల రెండు పుల్లల ప్లగ్గు పడుతుంది, మూడు పుల్లలది పట్టదు, అడాప్టర్ కావాలి. తలకు తగిలించుకునే టార్చి లైటు, ప్లాస్టిక్ చెప్పులు, మందపాటి సాక్సులు, చిన్న ప్లాస్టిక్ మగ్గు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఫ్లాస్కు. సాక్సులకు చిరుగులు లేకుండా చూసుకోండి, ఇంట్లో ఉన్నంతసేపూ అందరి కళ్లకూ అవే కనబడతాయి. జూలైలో కూడా సోంగ్-కుల్‌లో రాత్రి చలి సున్నా దాకా దిగొచ్చు, కాబట్టి స్వెటరు, టోపీ తప్పవు.

ఫోనులో రష్యన్, కిర్గిజ్ అనువాదాలు, మ్యాపు ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా బిష్కెక్‌లోనే దించుకోండి. సిమ్ కార్డుకు పాస్‌పోర్టు అడుగుతారు.

చిన్న కానుక పట్టుకెళ్లడం మంచి మర్యాద: మిఠాయి పొట్లం, మంచి టీపొడి, పిల్లలకు రంగు పెన్సిళ్లు. మందు సీసా మాత్రం తీసుకెళ్లకండి. కొన్ని ఇళ్లలో తాగుతారు, కొన్ని ఇళ్లలో గడప దాటనివ్వరు, ముందుగా తెలియదు.

7. చేరుకోవడం

బిష్కెక్‌లో పశ్చిమ బస్టాండు నుంచి మార్ష్రుత్కాలు, అంటే మినీ వ్యాన్లు బయల్దేరతాయి. చాలావరకు సీట్లు నిండితేనే కదులుతాయి. పొద్దున్నే వెళ్తే త్వరగా నిండుతుంది, మధ్యాహ్నం దాటితే గంటలకొద్దీ కూర్చోవాల్సి రావచ్చు. పక్కనే షేరు ట్యాక్సీలుంటాయి, నలుగురు ఎక్కితే వెళ్తాయి. మిగిలిన సీటు డబ్బు కూడా మీరే ఇస్తామంటే వెంటనే బయల్దేరతాడు. ముందు సీటు, వెనక సీటు ధర ఒకటేనా అన్నది ఎక్కేముందే తేల్చుకోండి.

పల్లెల్లో ఇంటి నంబర్లు నమ్ముకుంటే దొరకవు. ఇంటావిడ నంబరు డ్రైవరుకిచ్చి మాట్లాడించండి. చాలామంది డ్రైవర్లు ఆ ఇంటి గేటు ముందే దింపుతారు.

గేటు నెట్టుకుని లోపలికి వెళ్లకండి, కుక్క ఉంటుంది. పగలు కట్టేసినా రాత్రి వదిలేస్తారు కొందరు. ఎవరో ఒకరు వచ్చేదాకా బయటే ఆగండి. రాత్రి పెరట్లోకి వెళ్లాల్సి వస్తే కుక్క సంగతేమిటని పడుకునేముందే అడగండి.

లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు గుమ్మం దగ్గర విప్పాలి. గడప తొక్కకండి, దాటండి, గడప మీద నిలబడి ఏదీ ఇచ్చిపుచ్చుకోకండి. పెద్దవాళ్లకు "సలామత్‌సిజ్‌బి" అని నమస్కారం. మీకన్నా పెద్ద ఆవిడను "ఎజె" అనీ, ముసలావిడను "అపా" అనీ, పెద్దాయన్ను "బైకె" అనీ పిలవండి. ఉట్టి పేరు పెట్టి పిలిస్తే మన ఊళ్లో లాగే ఎబ్బెట్టుగా ఉంటుంది. మగవాళ్లు ఆడవాళ్లకు చేయి అందించకండి, ఆవిడే చాపితే సరే.

పాస్‌పోర్టు ఇంటావిడకు చూపించి, మీ వీసాకు నమోదు అవసరమేమో ఆ రోజే కనుక్కోండి.

8. దస్తోర్కోన్ దగ్గర

నేల మీద గానీ, పొట్టి బల్ల మీద గానీ బట్ట పరిచి, దాని నిండా రొట్టె, బోర్సోక్ అనే నూనెలో వేయించిన పిండి ముక్కలు, జాము, కైమాక్ అనే మీగడ, వెన్న, పళ్లు, మిఠాయిలు పెడతారు. అది దస్తోర్కోన్. చేరగానే టీ కోసం అక్కడ కూర్చోబెడతారు. ఇది భోజనం కాదు, అసలు భోజనం తర్వాత వస్తుంది. ఆకలి మీద బోర్సోక్‌తోనే కడుపు నింపేస్తే రాత్రి ఆవిడ వండినదంతా మిగిలిపోతుంది. మాంసాహారం ముట్టనివాళ్లు బోర్సోక్ ఏ నూనెలో వేయించారో అడగండి, కొన్ని ఇళ్లలో కొవ్వు వాడతారు.

గుమ్మానికి ఎదురుగా ఉన్న చోటును తోర్ అంటారు. అది పెద్దలది, అతిథులది. అక్కడ కూర్చోమంటే ఒకసారి మొహమాటపడి కూర్చోండి, మీ అంతట మీరు వెళ్లి కూర్చోకండి. కాళ్లు దస్తోర్కోన్ వైపు చాపొద్దు, దాన్ని దాటి అడుగేయొద్దు. కాళ్లు తిమ్మిరెక్కితే పక్కకు మడుచుకుని కూర్చున్నా తప్పులేదు.

రొట్టెను అన్నంలాగే చూడాలి. బోర్లా పెట్టకూడదు, నేల మీద పెట్టకూడదు, పారేయకూడదు. కత్తితో కాకుండా చేత్తో తుంచుతారు. చేతులు కడుక్కున్నాక నీళ్లు విదిలించకండి, తువ్వాలుకు తుడుచుకోండి. మనకు అలవాటు కాబట్టి ఇది గుర్తుపెట్టుకుని మానాలి.

టీ గిన్నెలో సగమే పోస్తారు. లోభం అనుకోవద్దు. మళ్లీ మళ్లీ పోయడం ఆదరణ, అంచుదాకా నింపితే ఇక బయల్దేరమన్నట్టు. చాలనిపిస్తే గిన్నె మీద అరచెయ్యి పెట్టి "రహ్మత్" అనండి. కడుపు నిండిందనడానికి "తోయ్‌దుమ్" అంటారు. చివర్లో పెద్దవాళ్లు అరచేతులు ముందుకు పట్టి, ముఖం మీదుగా కిందికి తిప్పి "ఓమిన్" అంటారు. అది భోజనం ముగిసిందన్న గుర్తు. మీరూ అలా చేయొచ్చు, లేదా కదలకుండా కూర్చోవచ్చు. ఆ తర్వాత మళ్లీ చెయ్యి చాపి ఇంకేదీ తీసుకోకండి.

కిమిజ్ ఇస్తారు: పులియబెట్టిన గుర్రపు పాలు, పుల్లగా, కొంచెం నురగగా, కాస్త మత్తు కూడా ఉంటుంది. మొదటిసారి రెండు గుక్కలు చాలు. అలవాటు లేని కడుపు నిండు గిన్నెతో చెడిపోతుంది. కాచని పాలు, కాచని పాలతో చేసినవి గర్భిణులకు, చిన్నపిల్లలకు, జబ్బుతో ఉన్నవాళ్లకు వద్దు. పశువుల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లోసిస్ ఆ దేశంలో ఉన్న జబ్బే. గిన్నె పెదవులకు ఆనించి, గుండె మీద చెయ్యి పెట్టి వద్దంటే ఎవరూ నొచ్చుకోరు.

తాగే నీళ్లకు "కాయ్‌నాక్ సూ", అంటే మరిగిన నీళ్లు అడిగి రాత్రే ఫ్లాస్కులో పోసుకోండి.

9. మరుగుదొడ్డి, బాన్యా

"దారత్‌కానా కాయ్‌దా?" అంటే మరుగుదొడ్డి ఎక్కడని. కాగితమే వాడతారు, నీళ్లుండవు. కుమ్‌గాన్ అనే ముక్కు చెంబు నమాజుకు ముందు కడుక్కోవడానికి చాలా ఇళ్లలో ఉంటుంది, కానీ ఎవరి చెంబో అడగకుండా తీసుకోవద్దు. మీ మగ్గు మీ దగ్గరే ఉంచుకోవడం నయం. ఇంటి లోపలి కమోడ్‌లో కాగితం వేయకండి. గొట్టాలు సన్నవి, కూరుకుపోతే పల్లెలో బాగుచేసేవాడు దొరకడం కష్టం. పక్కన బుట్ట పెట్టేది అందుకే.

షవర్ ఉన్నచోట గీజరు చిన్నది, ఇంటి మొత్తానికీ అదే. తల తడుపుకుని ఆపేసి, సబ్బు రుద్దుకుని మళ్లీ తిప్పుకుంటేనే నలుగురికి సరిపోతుంది.

బాన్యా అంటే పెరట్లో విడిగా ఉండే ఆవిరి స్నానాల గది, కిర్గిజ్‌లో మోంచో. కట్టెలతోనో బొగ్గుతోనో రాజేస్తే వేడెక్కడానికి రెండు మూడు గంటలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం 3 గంటల లోపే చెప్పండి, రాత్రి 8 గంటలకు అడిగితే కుదరదు. లోపల పొయ్యికి అతికించిన తొట్టిలో మరిగే నీళ్లు, పక్కన ఇంకో తొట్టిలో చన్నీళ్లు ఉంటాయి. బేసిన్‌లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలపండి. తిరగేసి చేస్తే చెయ్యి కాలుతుంది. ఆవిరి కోసం రాళ్ల మీద నీళ్లు చల్లేటప్పుడు అర గరిటె చాలు, అదీ పక్కకు జరిగి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ఆవిరి ముఖాన కొడుతుంది. పొయ్యి గొట్టానికి భుజం తగలకుండా చూసుకోండి. లోపల పది నిమిషాలు, బయట గదిలో పది నిమిషాలు, అలా మార్చి మార్చి ఉండాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్లు అందరూ చేశాక, వేడి తగ్గాక తలుపు దగ్గర కూర్చుని చెంబు స్నానం చేస్తే చాలు. వేడినీళ్ల తొట్టి ఖాళీ చేయకండి, మీ తర్వాత ఇంటివాళ్లు కూడా చేయాలి. బంగారు గొలుసు తీసి వెళ్లండి, వేడెక్కి కాలుతుంది.

10. రాత్రి, పొయ్యి

పడక మంచం కావచ్చు, లేదా నేల మీద రెండు మూడు తోషోక్‌లు, అంటే పరుపులు వేసి, పైన బరువైన దుప్పటి ఇస్తారు. చలేస్తే ఇంకో దుప్పటి అడగండి, గోడవారగా దొంతరగా పేర్చినవి మీరే లాగితే దొంతర కూలుతుంది.

గదిలో బొగ్గు పొయ్యి ఉంటే ఈ మాటలు జాగ్రత్తగా చదవండి. నిప్పులు ఎర్రగా ఉండగానే వెచ్చదనం నిలవాలని పొగగొట్టం అడ్డు మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొయ్యిని ఇంటివాళ్లనే చూడనివ్వండి, మీరు అడ్డు ముట్టుకోవద్దు, కిటికీ వేలెడు సందు తెరిచి ఉంచండి. తలనొప్పి, వికారం, కాళ్లలో నీరసం గదిలో ఉన్న ఇద్దరికీ ఒకేసారి వస్తే ఎత్తు వల్లేనని పడుకోకండి. వెంటనే బయటికి వచ్చి ఇంటివాళ్లను లేపండి. అంబులెన్సు నంబరు 103. ఈ వాయువును పసిగట్టే, బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం ఒకటి సంచిలో ఉంటే చలికాలం ప్రయాణానికి అంతకన్నా మంచి కొనుగోలు లేదు.

యుర్తాలో పొయ్యికి తెజెక్ వాడతారు, ఎండిన పేడ. పిడకల మీద కాచిన పాలు తాగి పెరిగినవాళ్లకు ఆ వాసన కొత్త కాదు. పిడకలు త్వరగా కాలిపోతాయి, అర్ధరాత్రికి చలి మొదలవుతుంది, కాబట్టి వెచ్చటి బట్టలు వేసుకునే పడుకోండి. పైన గుండ్రటి నడికప్పును తుందుక్ అంటారు, ఆ దేశపు జెండా మీద ఉన్నది అదే. దాని మీది ఉన్ని ముక్కను పూర్తిగా మూయనివ్వకండి, పొగ, విషవాయువు వెళ్లే దారి అదే. లోపల నిలబెట్టిన కర్రలకు ఆనుకోవద్దు.

11. లెక్క, బయల్దేరడం

ముందురాత్రే ఎన్ని గంటలకు వెళ్తారో చెప్పండి. పొద్దుటి టిఫిన్ దాన్ని బట్టే వండుతారు. లెక్క కూడా రాత్రే కాగితం మీద రాయించుకోండి: పడకలు, భోజనాలు, బాన్యా, జీపు. పొద్దున హడావుడిలో బేరమాడితే ఇద్దరికీ మనసు కష్టమవుతుంది. రేటు తగ్గించమని అడగాల్సింది గది కుదుర్చుకునేటప్పుడు, భోంచేశాక కాదు. డబ్బు ఇంటావిడ చేతికే ఇవ్వండి. టిప్పు ఎవరూ ఎదురుచూడరు, మిగిలిన చిల్లర వదిలేస్తే సంతోషమే.

ఇంట్లో షిర్దాక్‌లు అమ్ముతుంటే తీరిగ్గా చూడండి. రంగురంగుల నమదాను, అంటే ఒత్తి గట్టిపరిచిన ఉన్నిని ముక్కలుగా కోసి, ఒకదానిలో ఒకటి పొదిగి కుట్టే తివాచీ అది. 2012లో యునెస్కో దీన్నీ, అలా-కీయిజ్ అనే మరో ఉన్ని తివాచీ కళనూ తక్షణం కాపాడుకోవాల్సిన వారసత్వ జాబితాలో చేర్చింది. తిరగేసి కుట్టు చూడండి: చేతి కుట్టు కాస్త ఎగుడుదిగుడుగా, దగ్గరదగ్గరగా ఉంటుంది. తడిగుడ్డతో ఒక మూల రుద్ది రంగు అంటుతుందేమో చూడండి. నెలల తరబడి పట్టే పని కాబట్టి సగానికి సగం అడగడం భావ్యం కాదు. పెద్దది విమానంలో బరువు, కూర్చునే ఆసనమంత ముక్కలు తేలిగ్గా వస్తాయి.

దారికని రొట్టె, బోర్సోక్ కట్టిస్తే తీసుకోండి, గదిలో వదిలి వెళ్లకండి. పరుపుల కింద చార్జరు, పాస్‌పోర్టు ఉన్నాయేమో చూసుకోండి. వచ్చిన డ్రైవరు నంబరు ఉంటే ముందురోజే సీటు చెప్పిపెట్టుకోండి. కొచ్‌కోర్ నుంచి బిష్కెక్‌కు పొద్దుటిపూటే బళ్లు ఎక్కువ. మీ విమానం అదే రాత్రి అయితే మధ్యాహ్నం బండిని నమ్ముకోకుండా తెల్లవారుజామునే బయల్దేరండి, ఇంటావిడకు రాత్రే చెబితే టీ పెట్టి మరీ పంపుతుంది.